ఛాయాచిత్రంలో అదృష్టం వంతు

నవంబరు మాసపు ఉదయాన ఢిల్లీలోని కర్తవ్యపథానికి వచ్చిన సందర్శకుడొకడు ఇండియా గేటు వైపు తిరిగి ఒక చిత్రం తీస్తాడు. బారులు తీరిన చెట్లు, తోరణానికి పక్కగా ఎర్రని సూర్యబింబం, సరిగ్గా ఆ క్షణంలోనే ఎగిరిన పావురాల గుంపు. చూసినవారందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు న్యాయంగా ఎవరికి చెందాలి? కళాభిరుచికి సంబంధించినదిగా కనిపించే ఈ ప్రశ్న నిజానికి ధర్మవిచారణకు సంబంధించినది.

చిత్రంలోని కూర్పు చాలావరకు అతనిది కాదు. 1931లో ప్రారంభమైన నూతన రాజధానికి లుట్యెన్స్, బేకర్‌లు రూపకల్పన చేసినప్పుడే రైసినా గుట్ట నుండి ఇండియా గేటు వరకు చూపు ఒకే సరళరేఖపై సాగేలా, నాడు కింగ్స్‌వే అనిపించుకున్న ఈ మార్గాన్ని తీర్చారు. ఆ నిపుణులకు సైతం దృశ్యం పూర్తిగా వశం కాలేదు. గుట్ట ఎక్కే దారి వాలు వల్ల కింది నుండి చూసేవారికి రాష్ట్రపతి భవన్ కొంతమేర మరుగుపడుతుంది. దీనిపై ఆ ఇద్దరి మధ్య తీవ్ర వివాదమే నడిచింది.

వర్ణం కూడా అతను కల్పించినది కాదు. సూర్యుడు దిగంతానికి సమీపంలో ఉన్నప్పుడు కాంతి మరింత దూరం గాలిలో ప్రయాణిస్తుంది. నీలికాంతి దారిలోనే చెదరిపోగా ఎరుపు, నారింజ ఛాయలు మిగులుతాయి. ఆ రోజుల్లో నగరాన్ని కమ్ముకునే పొగ, ధూళి ఆ బింబాన్ని మరింత మసకబారుస్తాయి. చిత్రానికి శోభనిచ్చిన గాలే ఊపిరికి చేటు. ఆ రంగును మెచ్చుకోవడంలో తప్పులేదు గాని, దానికి నగరవాసులు చెల్లిస్తున్న మూల్యాన్ని మరవరాదు.

ఇక మిగిలినది క్షణం. 1965లో, ఇంకా ఛాయాగ్రహణం వృత్తిగా చేపట్టని రఘురాయ్, ఢిల్లీలో ఉన్న తన అన్న ఎస్. పాల్ నుండి కెమెరా తీసుకుని ఒక మిత్రునితో పల్లెకు వెళ్లారు. అక్కడ ఒక గాడిదపిల్ల ఆయన కంటబడింది. దగ్గరకు వెళ్లగానే అది పరుగెత్తింది, ఊరి పిల్లలు నవ్వారు, ఆయన వెంబడించారు. చివరకు అలసి నిలిచిన ఆ గాడిదపిల్లను మెత్తని వెలుగులో చిత్రించారు. అన్న పంపగా ఆ చిత్రం లండన్ టైమ్స్ పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాదే ఆయన స్టేట్స్‌మన్ పత్రికలో చేరారు. ఇందులో అదృష్టం స్పష్టం. అయితే పరుగు ఆపని పట్టుదల కూడా అంతే స్పష్టం.

భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ప్రతి కర్మకు ఐదు కారణాలను పేర్కొంటుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. ఛాయాచిత్రానికి ఇంతకన్న సరిపోయే లెక్క మరొకటి లేదు. చోటు, మనిషి, కెమెరా, ప్రయత్నం, ఆపైన దైవం. వీటిలో కర్త ఐదింట ఒకడు మాత్రమే. తానొక్కడే సర్వమూ చేశానని తలచడం అవివేకమని ఆ అధ్యాయమే హెచ్చరిస్తుంది.

అలాగని అతని వంతును తుడిచివేయడం కూడా న్యాయం కాదు. పూర్వులు ఘుణాక్షర న్యాయం అన్నారు. పురుగు కర్రను తొలిచినప్పుడు యాదృచ్ఛికంగా అక్షరం ఏర్పడవచ్చు. ఆ సంగతి పురుగుకు తెలియదు, చదువు వచ్చినవాడు గుర్తిస్తాడు. ఔత్సాహికుడు ఇక్కడే పురుగుకు భిన్నుడు. తీసిన నలభై చిత్రాలలో ఆ ఒక్కదాన్ని గుర్తించి నిలుపుకొన్నప్పుడు యాదృచ్ఛికంగా దొరికినది అతని ఎంపికగా మారుతుంది.

కనుక పోటీలలో తీర్పు చెప్పేవారైనా, మిత్రుని చిత్రం చూసేవారైనా ‘ఏదో అదృష్టం’ అని తేల్చివేయడం తగదు. తీసినవాడు సైతం పావురాలు తన ఆజ్ఞ మేరకే ఎగిరినట్లు మౌనం వహించరాదు. అవి అనుకోకుండా ఎగిరాయని చెప్పినంత మాత్రాన చిత్రం విలువ తగ్గదు. చూసేవారికి అతనిపై నమ్మకం పెరుగుతుంది.