చేతిమీది అత్తరు

ప్రియ చదువరీ, నీవు ఎప్పుడైన అత్తరు దుకాణమున నిలిచితివా? అమ్మువాడు బుడ్డి మూత తీసి నీ మణికట్టుమీద ఒక చుక్క రాయును. నీవు వెంటనే దానిని ముక్కునొద్దకు తీసికొందువు. అతడు అనుభవశాలియైతే నవ్వి, "కాసేపు ఆగండి" అనును.

అతడు చెప్పినది నిజమే. పరిమళమునకు ఒకే వాసన ఉండదు. నిమ్మ, నారింజ తొక్కలవంటి తేలిక వాసనలు ఒంటి వేడికి ముందుగా లేచి, కొద్దిసేపటికే పోవును. పిమ్మట మల్లె, గులాబీ వంటి పూల వాసన కొన్ని గంటలు నిలుచును. చందనము, వేళ్లు, చెట్ల బంకలు బరువైనవి గనుక చివరివరకు నిలిచి, ఒక్కొక్కప్పుడు మరునాటి ఉదయమునను తెలియుచుండును. పండుగ సాయంకాలమున సెంటు పూసికొని బయలుదేరినవాడు ఒక వాసనతో పోయి మరియొక వాసనతో ఇల్లు చేరును. జిడ్డు చర్మముమీద అది ఎక్కువసేపు నిలుచును, పొడి చర్మముమీద త్వరగా పోవును. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజు పట్టణమున రాగిపాత్రలలో పూలను నీటితో కాచి, ఆ ఆవిరిని వెదురుగొట్టము ద్వారా చందనతైలములోనికి దింపుదురు. పూవు వాడిపోయినను దాని వాసనను చందనము పట్టియుంచును.

నేనొకసారి ఆగలేకపోతిని. ఆ సంవత్సరము మా గుడి కప్పు కారుచుండెను. క్రిస్మసు సాయంకాలపు ఆరాధనకు కూలిపని చేసికొను ఒక విధవరాలు వచ్చి వందనము చేయగా సెంటు వాసన గుప్పుమనెను. "ఏమమ్మా, కప్పు చందాకు లేని డబ్బు సెంటుకు వచ్చిందా?" అని పదిమంది యెదుట అంటిని. ఆమె కొంగు నిండుగా కప్పుకొని వెనుక వరుసలో కూర్చుండెను.

ఆ రాత్రి నాకు బేతనియ విందు జ్ఞాపకము వచ్చెను. అక్కడ మరియ పోసినది జటామాంసి. ఆ మొక్క మన హిమాలయములలో 3,000 మీటర్లకు పైని ఎత్తులలో పెరుగును. దాని వేరునుండి తైలము తీయుదురు. మట్టివాసనతో కూడిన బరువైన పరిమళమది, త్వరగా వదలదు. యోహాను సువార్త ప్రకారము దాని వెల 300 దేనారములు. ద్రాక్షతోట కూలివారి ఉపమానములో దినకూలి ఒక దేనారము గనుక, అది ఇంచుమించు ఒక పనివాని సంవత్సరపు కష్టము. బీదలకు ఇయ్యవచ్చునుగదా అని అడిగినవాడు ఇస్కరియోతు యూదా. ఆ ప్రశ్న తప్పని నేను ఇప్పటికిని చెప్పలేను. బీదలు ఎల్లప్పుడు మనతో ఉందురని ప్రభువు పలికిన మాటను చేయి ముడుచుకొనుటకు సాకుగా వాడువారు ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము చదువవలెను. అక్కడ అదే సంగతి చెప్పి చేయి చాపుమని ఆజ్ఞాపించెను. అప్పుచేసి సెంటు కొనువానిని నేను మెచ్చుకొనను. అయితే ఆ ప్రశ్న అడిగినవాని చేతిలో డబ్బు సంచి ఉండెను, నా చేతిలో చందా పుస్తకము ఉండెను. ఆ పోలిక నన్ను నిద్రపోనియ్యలేదు.

క్షమింపుమని అడుగుటకు వెళ్లుటకే నాకు రెండు దినములు పట్టెను. గుడిసె వాకిట ఆమె బియ్యము చెరుగుచుండెను. నేను నోరు తెరువకమునుపే ఆమె చెప్పెను: "ఆయన ఉన్నప్పుడు ప్రతి క్రిస్మసుకూ తెచ్చేవాడు అయ్యగారూ. పోయాక ఇదే మొదటి పండగ. ఆ వాసన లేకుండా గుడికి రాబుద్ధి కాలేదు. రెండు రోజుల కూలి పెట్టి కొనుక్కున్నాను. కప్పు సంగతి నాకు తెలియక కాదు."

నేను తప్పు ఒప్పుకొంటిని. ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి, చిటికెనవేలంత బుడ్డి తెచ్చి, నా మణికట్టుమీద ఒక చుక్క రాసెను. నేను అలవాటుగా చేయి ముక్కునొద్దకు ఎత్తితిని.

"ఇప్పుడే చూడకండి అయ్యగారూ," అనెను. "దీపాలు పెట్టేవేళకు చూడండి."