కారణం తేల్చే ధర్మం

పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. లోపం ఎక్కడ? మదర్‌బోర్డు మీది బయోస్ ముందుగా ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్‌లను పరీక్షించి, ఆ తర్వాతే డిస్కులోని విండోస్‌ను లేపుతుంది. అందుచేత బయోస్ గుర్తు కూడా కనిపించనప్పుడు ముందు విండోస్‌ను అనుమానించడం తర్కం తప్పడమే. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో, కార్యానికి ముందు నియతంగా ఉండేదే కారణమని నిర్వచించాడు. నిన్న కరెంటు పోయింది, నేడు కంప్యూటర్ లేవలేదు అన్నంత మాత్రాన నింద కరెంటు మీద వేయలేం. కారణమనుకున్నది ఉన్నప్పుడు లోపం ఉండాలి, దాన్ని తీసేస్తే పోవాలి. ఈ అన్వయ వ్యతిరేకాలు రెండూ కుదరాలి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడమనేది ఇందుకే.

ర్యామ్ మార్చగానే తెర వెలిగినా పాతది చెడిందని రుజువేమిటి, తీసి పెట్టడంలో స్లాటులోని దుమ్ము రాలి ఉండవచ్చు కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ న్యాయమైనదే. పాత ర్యామ్‌ను అదే స్లాటులో మళ్లీ పెట్టి చూడడమే దానికి జవాబు. అన్నీ ఒకేసారి మార్చేస్తే యంత్రం నడవవచ్చు గానీ జ్ఞానం కలగదు. తర్కశాస్త్రమైన న్యాయదర్శనం సంశయాన్ని తన 16 పదార్థాల్లో, అంటే విచారణాంశాల్లో, ఒకటిగా లెక్కించింది, ఎందుకంటే విచారణ అక్కడే మొదలవుతుంది. తేలకముందే తీర్పు చెప్పకూడదన్న ఈ నియమాన్ని యంత్రాల కంటే ముందు మనుషుల విషయంలో పాటించాలి.