రాలిన ఈక

ఆకులు రంగు తిరిగే రోజుల్లో మనవాళ్లంతా చేసే పనే మేమూ చేశాము. రెండు కుటుంబాల వాళ్లం ఒక వ్యానులో సర్దుకొని, పులిహోర, పెరుగన్నం కూలరులో పెట్టుకొని, మిల్వాకీ నుంచి ఉత్తరంగా బయలుదేరాము. మూడు గంటల ప్రయాణం. ఆకులు చూడడం ఒక వంక మాత్రమే. పిల్లల్లో ఒకరికి బొమ్మలు గీయడం పిచ్చి. వాసా ఊళ్లో ఒక పెద్ద భవంతి నిండా పక్షుల బొమ్మలు పెట్టారని బడిలో విని వచ్చి, నెల రోజులుగా మమ్మల్ని నిలువనీయలేదు. మాతోపాటు మాలో ఒకరి అత్తగారు కూడా వచ్చారు. గుంటూరు దగ్గరి మనిషి. మేమందరం ఆవిడను పెద్దమ్మగారు అనే పిలుస్తాము.

వాసా విస్కాన్సిన్ నది ఒడ్డున ఉన్నది. ఒకప్పుడు రంపపు మిల్లుల ఊరు. అక్కడి లీ యాకీ ఉడ్‌సన్ ఆర్ట్ మ్యూజియం మొదట మ్యూజియం కాదు, ఒక కాపురం ఉన్న ఇల్లు. ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్ ప్రాంతపు భవంతుల తీరులో 1931లో కట్టుకొన్న ఇల్లు. ఆలిస్ ఉడ్‌సన్ ఫారెస్టర్, ఆమె భర్త జాన్ ఫారెస్టర్ దానిని ఊరికి ఇచ్చేశారు. దానిని బాగుచేసి, 1976లో మ్యూజియంగా తెరిచి, ఆలిస్ తల్లి పేరు పెట్టారు. ఆ తల్లికి పింగాణీ పిట్టలు కూర్చుకోవడం సరదాట. డొరొతీ డౌటీ అనే ఇంగ్లీషు శిల్పి రాయల్ వుస్టర్ కంపెనీకి చేసిన అమెరికా పక్షుల బొమ్మలు అవి. ఆ పింగాణీ పిట్టలకు తోడుగా గోడల మీద ఏం పెడదామన్న ఆలోచనలోంచే ‘బర్డ్స్ ఇన్ ఆర్ట్’ అనే ప్రదర్శన పుట్టింది. 1976 నుంచి ఏటా శరత్కాలంలో జరుగుతున్నది. దేశదేశాల చిత్రకారులు పంపిన కొత్త పనుల్లోంచి ఎంపిక చేస్తారు. టిక్కెట్టు లేదు.

లోపల నూనెరంగులు, నీటిరంగులు, కంచు, చెక్క, ఎన్ని రకాలో. కొన్ని బొమ్మల్లో పక్షి ఎక్కడున్నదో వెతుక్కోవాలి. కొన్నింట్లో ఈక ఈకా లెక్కపెట్టవచ్చు. అటువంటి బొమ్మ ముందే పెద్దమ్మగారు చాలాసేపు నిలబడిపోయారు. కళ్లజోడు సర్దుకొని, మెల్లిగా అడిగారు:

“ఇంత వివరంగా గీసేదాకా ఆ పిట్ట కదలకుండా కూర్చుందా? చంపి గీశాడా?”

ఇప్పుడు కెమెరాలున్నాయండీ, దుర్భిణీలున్నాయండీ అని మేము చెప్పబోయాము.

“అవి లేనప్పుడో?” అన్నారు ఆవిడ.

లేనప్పుడు చంపే గీశారు. జాన్ జేమ్స్ ఆడుబన్ పేరు ఈ దేశంలో బడిపిల్లలకు కూడా తెలుసు. 1827 నుంచి 1838 దాకా అచ్చయిన అతని ‘అమెరికా పక్షులు’ గ్రంథంలో 435 చిత్రాలున్నాయి. ప్రతి పక్షినీ దాని అసలు కొలతలోనే గీశాడు. ఎత్తు చాలని కొంగను మెడ వంచి మరీ కాగితంలో పట్టించాడు. ముందు తుపాకితో కొట్టి, తరువాత తీగలు గుచ్చి, ఎగురుతున్నట్టో వాలుతున్నట్టో నిలబెట్టి గీసేవాడు. మరొక సంగతి కూడా చెప్పాలి. అతను మనుషులను బానిసలుగా కొన్నాడు, అమ్మాడు. అందుకే అతని పేరు పెట్టుకొన్న సంఘాల్లో కొన్ని ఈమధ్య ఆ పేరు వదిలేశాయి. జాతీయ సంఘం మాత్రం 2023లో వదలరాదని తీర్మానించుకొన్నది.

మనకు ఇక్కడ వాల్మీకి గుర్తుకు వస్తాడు. మన మొదటి కవిత్వమే చచ్చిపోయిన పక్షి మీద దుఃఖంలోంచి పుట్టిందని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాము. కాని ఆ కథలో బాణం వేసినవాడు వేరు, శోకించినవాడు వేరు. కోపం వచ్చిన కవికి శపించడానికి ఎదురుగా ఒక బోయవాడు దొరికాడు. ఆడుబన్ దగ్గర ఆ సౌకర్యం లేదు. బోయవాడూ కవీ అతనొక్కడే. అతనొక్కడే అని కూడా అనలేము. ఈ ప్రదర్శన మొదటి ఏడే గొప్ప కళాకారుడని గౌరవం అందుకొన్న ఓవెన్ గ్రోమీ మా మిల్వాకీ మ్యూజియంలో పక్షుల చర్మాలు నింపి నిలబెట్టే పని చేసినవాడు. వేటాడేవాడు. అదే మనిషి విస్కాన్సిన్ పక్షుల గురించి 1963లో గొప్ప పుస్తకం వెలువరించాడు, పక్షులను కాపాడాలని జీవితాంతం పోట్లాడాడు. ఇతనిని ఏ గంపలో వేయాలి?

ఈ చర్చ తోటలో పులిహోర తింటూ సాగింది. మాలో ఒకరు డాక్టరు. ఆయన వాదన సూటిగా ఉన్నది. “తెలుసుకోకుండా ప్రేమించడమెట్లా? కోయకుండా తెలుసుకోవడమెట్లా? మేము శవాలు కోయకుండానే డాక్టర్లమయ్యామా?” శవం తనంతట పోయినదే కదా అని ఒకరు అడ్డం వచ్చారు. “సరే, మరి ఇంటర్మీడియేట్‌లో కోసిన కప్పలో?” అన్నారాయన. మాలో ఇంజినీర్లు తప్ప తక్కినవాళ్లు అన్నం వైపు చూసుకొన్నారు. మైనపు పళ్లెంలో గుండుసూదులు గుచ్చిన ఆ కప్పలు ఎన్నో మాలో ఎవ్వరికీ లెక్క లేదు.

ఆయన పక్షాన మన దేశపు సాక్ష్యం కూడా ఒకటున్నది. కలివికోడి సంగతి. ముళ్లపొదల్లో తిరిగే చిన్న పక్షి. 1900 తరువాత దాని జాడ లేక, అంతరించిపోయిందనే శాస్త్రజ్ఞులు అనుకొన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక పల్లెటూరి పిట్టలవేటగాడు దానిని ప్రాణంతో పట్టుకొన్నాడు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారికి ఎనభై ఏళ్లకు పైగా దొరకనిది అతనికి దొరికింది. పట్టిన పక్షి కొద్ది రోజుల్లోనే చనిపోయింది. అది పట్టుబడిన తరువాతనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువను కూడా దాని నివాసం తప్పించి మళ్లించారు. ఆ ఒక్కటీ వలలో పడకపోతే తక్కిన వాటి కోసం ఎవరు మాట్లాడి ఉండేవారు?

డాక్టరుగారు ఇక్కడితో గెలిచినట్టే మొహం పెట్టారు. అయితే మాకు ఒక తేడా కనిపించింది. పోయిన దానివల్ల తరువాత మేలు కలిగిందని చెప్పడం ఒకటి. ఆ మేలు కోసం దానిని చంపే హక్కు ఉన్నదని ముందే చెప్పుకోవడం మరొకటి. ఆ వేటగాడు అభయారణ్యం కోసం వల వేయలేదు. ఆడుబన్ తుపాకి ఎత్తినప్పుడు రేపటి పిల్లలకు పక్షిప్రేమ నేర్పుదామని ఎత్తాడని ఎవరు చెప్పగలరు? ఫలం మంచిదైనప్పుడు వెనక్కి వెళ్లి ఉద్దేశాన్ని కడిగిపెట్టడం మనందరికీ అలవాటే. పిల్లల చదువు కోసమే ఈ దేశం వచ్చామని మనం చెప్పుకొంటున్నాము. వచ్చేనాటికి మనలో ఎందరికి పిల్లలున్నారు?

పెద్దమ్మగారి రెండో ప్రశ్న ఇంతకన్నా కష్టమైనది. “ఇంత ఇల్లు దానం చేశారంటున్నారే, వాళ్లకు డబ్బెక్కడిది?”

కలపది. లీ తండ్రి సైరస్ యాకీ కలప వ్యాపారి. ఆ కాలంలో ఉత్తర విస్కాన్సిన్ నిండా తెల్ల పైన్ చెట్లుండేవి. నదుల మీద దుంగలు తేలుతూ వచ్చేవి, రంపాలు పగలూ రాత్రీ తిరిగేవి. ఒక్క మనిషి జీవితకాలంలో ఆ మహారణ్యం మోడులుగా మిగిలింది. అంటే పక్షుల ఇళ్లు కూల్చిన వ్యాపారంలోని డబ్బే పక్షుల బొమ్మలకు ఇల్లు కట్టింది.

ఆ అడవులతోపాటు పోయిన పక్షి ఒకటి మరీ ముఖ్యం, పాసెంజర్ పావురం. 1871 వసంతంలో ఈ రాష్ట్రంలోనే 850 చదరపు మైళ్ల మేర గూళ్లు పెట్టింది. 13 కోట్లకు పైగా పావురాలు అని తరువాత ఒక శాస్త్రజ్ఞుడు అంచనా కట్టాడు. టెలిగ్రాఫ్ తీగ మీద కబురు అందగానే వేటగాళ్లు రైళ్లెక్కి వచ్చేవారు. అవే రైళ్లలో పీపాలకు పీపాలు పావురాల మాంసం నగరాలకు పోయేది. 28 ఏళ్లు తిరిగేసరికి, 1899లో, విస్కాన్సిన్‌లో కడపటి పావురాన్ని కాల్చారు. మార్తా అనే పేరుగల ఆఖరు పక్షి 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. ఈ రాష్ట్రంలోనే వయలూసింగ్ పార్కులో, మిసిసిపీ నది పైన గుట్ట మీద, దానికి ఒక స్మారకశిల ఉన్నది. మనిషి అత్యాశవల్ల, ఆలోచన లేనితనంవల్ల ఆ జాతి పోయిందని దానిమీద చెక్కించారు. ఒక పక్షికి మనిషి క్షమాపణ రాయించిన శిలను మేము మరెక్కడా చూడలేదు.

మరి ఆ భవంతి దానమేనా, ప్రాయశ్చిత్తమా? శిబిచక్రవర్తి పావురం ఎత్తుకు తన తొడ మాంసం కోసి తక్కెడలో వేశాడు. తండ్రి సంపాదించినది బిడ్డ ఇస్తే అది తన మాంసమా, పరాయి మాంసమా? మాలో ఒకరు కొంచెం ఘాటుగానే అన్నారు, చెట్లు కొట్టినవాళ్ల బొమ్మల కొట్టు మెచ్చుకోవడానికి మూడు గంటలు వచ్చామని. ఆ మాట మాకు నచ్చలేదు. ఆలిస్ గొడ్డలి పట్టలేదు. తాను ఉన్న ఇంటిని ఇచ్చింది. అదే డబ్బుతో మరో మిల్లు పెట్టుకొని ఉండవచ్చు, ఎవరూ అడిగేవారు కాదు. పైగా నిలదీస్తున్న మనమెవరము? ఇక్కడ మనం కొనుక్కొన్న ఇళ్లన్నీ గోడల లోపల కర్రే. ఈ దేశపు అడవులు మనం వచ్చేనాటికే కొట్టేసి ఉన్నాయి, కాబట్టి మన చేతులు శుభ్రం. లాభం మాత్రం నెలనెలా మన పేరు మీదే పడుతున్నది. పాపం తెల్లవాళ్ల ఖాతాలో, ఇల్లు మన ఖాతాలో. ఇంత చక్కని లెక్క వేయడానికి మాలో చార్టర్డ్ అకౌంటెంటు ఎవరూ లేకపోయినా కుదిరిపోయింది.

పెద్దమ్మగారు ఈ వాదాలన్నీ విని, ఉప్పలపాడు కబురు ఎత్తారు. గుంటూరు పక్కన ఆ ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా గూళ్లు పెడతాయి. “కంపు! ముక్కు మూసుకోవాలి. ఆరేసిన బట్టలు పాడు. రాత్రంతా గోల. అయినా ఆ ఊరివాళ్లు రాయి వేయరు, వేయనివ్వరు. ఇక్కడ చూడండి, ఇన్ని పిట్టలున్నాయి, రెట్ట చుక్క లేదు.”

మేము నవ్వాము కాని, ఆవిడ నవ్వలేదు. బొమ్మను ప్రేమించడానికి ఏమీ వదులుకోనక్కరలేదని ఆవిడ భావం కాబోలు. ఆ మాటకు జవాబు మాకు వెంటనే తోచలేదు. తరువాత తోచింది కూడా సగమే. ఉప్పలపాడు పిల్లలకు పక్షి నెత్తిమీదే ఉన్నది, వారికి బొమ్మతో పని లేదు. మా పిల్లలు కిటికీ అద్దాల వెనక పెరుగుతున్నారు. వాళ్లను కిటికీ తీయించగలిగేది ఒక్కోసారి బొమ్మే. మన సంఘం దసరాకు వేదిక మీద పెట్టే కాగితపు రామచిలుకలు కూడా ఆ జాతివే. వాటికీ రెట్ట ఉండదు.

ఇంతలో పిల్లలు పరుగెత్తుకొంటూ వచ్చారు. పొదకింద నీలం ఈక దొరికింది, బ్లూ జే పక్షిది. నీలం మీద నల్ల గీతలు, కొసన తెలుపు. ఇంటికి తీసుకుపోయి బొమ్మ గీస్తానని చిన్నది గుండెకు హత్తుకొన్నది. అక్కడ తోటపని చూస్తున్న ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, చాలా మర్యాదగా, అది ఉంచుకోకూడదు తల్లీ, ఎక్కడిది అక్కడే పెట్టేయి అన్నాడు. చట్టమట. 1918 నాటి వలసపక్షుల చట్టం. రాలిన ఈక అయినా సరే, ఇంట్లో పెట్టుకోరాదు.

పిల్లకు ఏడుపు వచ్చింది. నేను చంపలేదుగా అన్నది. ఆ మాట మమ్మల్ని కదిపింది, ఎందుకంటే గంటసేపుగా మేమంతా అంటున్నదీ అదే. పెద్దాయన ఓపికగా వివరించాడు. ఒకప్పుడు ఆడవాళ్ల టోపీల కోసం పక్షులను లెక్క లేకుండా చంపారు. 1886లో న్యూయార్కు వీధుల్లో ఒక పక్షిశాస్త్రజ్ఞుడు నడుస్తూ టోపీలు లెక్కపెడితే, వాటిమీద 40 జాతుల పక్షులు కనిపించాయి. ఈకను చూసి అది రాలిందో, పీకిందో జడ్జి చెప్పలేడు. రాలినది ఉంచుకోవచ్చంటే పీకినవాడు కూడా రాలిందనే అంటాడు. అందుకని ఎవరూ ఉంచుకోకూడదన్నారు. చంపినవాళ్లు పోయి వందేళ్లయింది. వాళ్లు చేసిన దానికి ఆరేళ్ల పిల్ల తన ఈకను వదులుకోవాలి.

ఇది న్యాయమా అని డాక్టరుగారు పెద్దాయన ముందు ఏమీ అనలేదు. వ్యానెక్కాక అన్నారు. తప్పు చేయనివాడిని కట్టడి చేయడం అన్యాయమని ఆయన మాట. మాలో తక్కినవారికి మాత్రం, ఆ రోజు చూసిన వాటన్నింటిలోకీ తక్కెడ సరిగ్గా తూగినది ఇక్కడేననిపించింది. భవంతి ఇచ్చినవారికి ఇంకా మిగిలి ఉండవచ్చు. ఆ పిల్లకు ఉన్నది ఆ ఈక ఒక్కటే. దీనిమీద తగువు పోర్టేజ్ ఊరు దాటేదాకా తెగలేదు, ఇప్పటికీ తెగలేదు.

ఈకను మాత్రం పిల్లే తీసుకుపోయి పొదకింద పెట్టి, పైన ఒక ఎర్ర ఆకు కప్పి వచ్చింది. వెనక సీటులో పెద్దమ్మగారు దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని, చిన్నప్పుడు తాము నెమలీక పుస్తకంలో పెట్టి, అది పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసుకొన్న సంగతి చెప్పసాగారు.

“పెట్టిందా?” అన్నది పిల్ల.

“మా అక్కదానికి పెట్టింది. నాది పెట్టలేదు” అన్నారు ఆవిడ.