రవంత జరగండి

వాక్యభాగములు: యోహాను 5:1-9, 1 కొరింథీయులకు 11:17-34



మా ఊరు బాగేపల్లి తాలూకాలోని చాకవేలు. నా చిన్నతనములో అది కోలారు జిల్లా. 2007 నుండి చిక్కబళ్లాపురము జిల్లాలో ఉన్నది. బెంగళూరులోని మేనమామ ఇంటికి అవ్వతో బస్సులో పోవుట నాకు పండుగ. బాగేపల్లిలో బస్సు ఆగకముందే మగవారు కిటికీలోనుండి తువ్వాలు విసిరి సీటు పట్టుకొనేవారు. బెంగళూరు మెజెస్టిక్‌లో దిగి మరల సిటీ బస్సు ఎక్కవలెను. 1997లో బి.ఎం.టి.సి. ఏర్పడక మునుపు వాటిని బి.టి.ఎస్. బస్సులనేవారు. బస్సు కనబడువరకు అందరు వరుసలో ఉండేవారు. కనబడగానే వరుస చెదిరిపోయేది. మూటతో ఉన్న అవ్వ, ఆమె కొంగు పట్టుకొన్న నేను వెనుకబడేవారము.

ఒకసారి ఒక పడుచువాడు ఫుట్‌బోర్డు మీద వ్రేలాడుచు, "రవంత లోపలికి జరగండప్పా, మీకు పుణ్యముంటుంది" అని బ్రతిమాలినాడు. జనులు జరిగిరి, లోపలికి వచ్చినాడు. తరువాతి స్టాపులో ఒక ముసలాయన ఎక్కబోగా అతడే, "చోటు లేదు తాతా, వెనుక బస్సులో రా" అని అరచినాడు. అవ్వ నా చెవిలో, "చూస్తివా, ఎక్కేదాకా ఒక మాట, ఎక్కినాక ఒక మాట" అన్నది.

బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లనుండి వ్యాధిగల మనుష్యుని కష్టము ఇదియే. నీళ్లు కదలినప్పుడెల్ల మరియొకడు అతనికంటె ముందుగా దిగెను. ఎత్తి దింపుటకు అతనికి మనిషి లేడు. అందరి కన్నులు నీళ్లమీదనే. ప్రభువైతే వెనుకబడిన వానిని చూచెను, తానే అతనియొద్దకు వచ్చెను.

కొరింథు సంఘములో ఈ తోపులాట ప్రభువు బల్లయొద్దకే వచ్చినది. కలిగినవారు ముందుగా తినిరి. లేనివారు ఆకలితో నిలిచిరి. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని పౌలు వారికి వ్రాసెను. లేనివారిని సిగ్గుపరచుట దేవుని సంఘమును తిరస్కరించుటయేనని గద్దించెను.

బస్సులో సీటు చిన్న సంగతియా? 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీ పట్టణములో రోజా పార్క్స్ అను నల్లజాతి స్త్రీ, తెల్లవారికొరకు సీటునుండి లేవనన్నందుకు అరెస్టు చేయబడెను. బాప్టిస్టు కాపరియైన మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వములో అక్కడి నల్లవారు 381 దినములు బస్సులెక్కక పోరాడిరి. అక్కడ చట్టము వారిని వెనుకకు నెట్టినది. మన సంఘములో అట్టి చట్టము లేదు; మన అలవాటు ఆ పని చేయుచున్నదేమో పరీక్షించుకొందము.

మనమును ఒకనాడు ట్రంకుపెట్టెతో ఈ పట్టణములో దిగినవారమే. ఎవరో ఒకరు తమ గదిలో చాప పరచిరి, ఆరాధనకు తోడుకొని వచ్చిరి. నేడు మనకు మందిరమున్నది, వాడుకైన బెంచీలున్నవి. కట్టడపు పనివారు, గార్మెంట్సులో పనిచేయు ఆడపిల్లలు ఆలస్యముగా వచ్చి చెప్పులయొద్ద నిలిచిన, "ఉత్తరము తెచ్చితిరా?" అని మొదట అడుగుచున్నాము.

నేనును దోషినే. ఒక ఆదివారము ఒక కుటుంబము చంటిబిడ్డతో గుమ్మములో నిలిచియుండెను. నా ప్రక్కన చోటున్నది. మా వారు వచ్చెదరని అక్కడ బైబిలు సంచి పెట్టియుంటిని. ప్రసంగము సగమైన తరువాత ఆ సంచిని చూచినప్పుడు బాగేపల్లి తువ్వాలు జ్ఞాపకమునకు వచ్చినది. లేచి చూచునప్పటికి వారు వెళ్లిపోయిరి. ఆ తరువాత వారిని నేను చూడలేదు.

ప్రియులారా, వచ్చే ఆదివారము బెంచీ చివరను విడిచి లోపలికి జరిగి కూర్చుండుడి. క్రొత్తవారి పేరడుగుడి, ఉత్తరము సంగతి తరువాత. ప్రేమవిందులో ఆలస్యముగా వచ్చువారికి ముందుగా అన్నము తీసియుంచుడి. మనకు పరలోకమందు స్థలము సిద్ధపరచ వెళ్లిన ప్రభువు, తన మందిరములో ఇతరులకు స్థలమిచ్చు మనస్సు మనకు దయచేయును గాక. ఆమేన్.