బిడ్డ ఎవరి సొత్తు?



బిడ్డ ఎవరిది? కన్నవారిదా, పెంచినవారిదా? ఈ ప్రశ్న మన పల్లెలకు క్రొత్త కాదు. తల్లి కాన్పులో కన్నుమూయగా అవ్వ చేతిలో పెరిగిన బిడ్డలున్నారు. సంతులేని అక్క తన చెల్లెలి బిడ్డను తెచ్చి సాకుకొన్న యిండ్లున్నవి. తలిదండ్రులు బ్రదుకుదెరువుకై కువైటుకు పోగా, పిన్నమ్మ పెట్టిన ముద్ద తిని చదువుకొన్న పిల్లలున్నారు. బిడ్డ చిన్నదిగా ఉన్నంతకాలము ఈ ప్రశ్న నిద్రపోవుచుండును. ఆమె ఎదిగి, చదువు, ఉద్యోగము, పెండ్లి అను మాటలు యింటిలోనికి వచ్చిన దినమున అది మేల్కొనును.

ఈ ప్రశ్నను నా హృదయములో కదలించినది "బంగారు పాప" అను తెలుగు చిత్రము. 1955లో విడుదలయైన ఈ చిత్రమునకు దర్శకులు బి.ఎన్. రెడ్డిగారు. వారు మన పులివెందుల ప్రాంతమువారే. 1908లో కొత్తపల్లెలో జన్మించిరి. 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారికి లభించెను. ఆ గౌరవము పొందిన దక్షిణాదివారిలో మొదటివారు వారే.

చిత్రములో కోటయ్య యొక మోటు మనిషి. అట్టివాని చేతులలోనికి దిక్కులేని పసిబిడ్డ వచ్చి చేరును. కోటయ్య వేషము ధరించినవారు ఎస్.వి. రంగారావుగారు. అంత పెద్ద విగ్రహము, అంత గంభీరమైన కంఠము ఒక పసికందు యెదుట మెత్తబడుట చూచినప్పుడు నా కంట నీరు ఆగలేదు. పాప పెరిగి పెద్దదైన పిమ్మట ఆ పాత్రలో జమునగారు కనబడుదురు. చూచువారు పాప మాత్రమే పెరిగినదనుకొందురు. నిజమునకు ఆ యింట ఇద్దరు పెరిగిరి. పాప వయస్సున పెరిగెను. కోటయ్య మనిషిగా పెరిగెను.

ఈ చిత్రమునకు మూలము జార్జి ఎలియట్ అను ఇంగ్లీషు రచయిత్రి 1861లో ప్రచురించిన "సైలాస్ మార్నర్" నవల. బిడ్డ ఎవరిదను ప్రశ్న అందులో మరింత సూటిగా నిలుచును గనుక ఆ కథను కొంచెము చెప్పవలెను.

సైలాస్ ఒక నేతగాడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో మగ్గము చప్పుడు విన్నవారికి అట్టి మనిషిని వేరుగా పరిచయము చేయనక్కరలేదు. యౌవనమందు అతడు ఒక చిన్న ప్రార్థన సంఘములో భక్తుడు. ప్రాణ స్నేహితుడే అతనిపై దొంగతనము మోపెను. సంఘము చీట్లు వేసి అతడే దోషియని తీర్చెను. సైలాస్ మనస్సు విరిగి, దూరపు పల్లెకు పోయి, పదునైదేండ్లు నేసి నేసి బంగారు నాణెములు కూడబెట్టెను. రాత్రివేళ తలుపు గడియ వేసి వాటిని లెక్కించుటయే అతని సంతోషము. ఒకనాడు ఆ బంగారము దొంగల పాలయ్యెను. కొన్ని వారముల తరువాత, సంవత్సరాంతపు మంచు రాత్రి, త్రోవలో తల్లి చనిపోగా, ఒక చిన్న బిడ్డ తప్పటడుగులు వేయుచు అతని యింటి పొయ్యి యొద్దకు వచ్చి పండుకొనెను. చూపు మందమైన సైలాస్ ఆ బిడ్డ పసుపుపచ్చని జుట్టును చూచి తన బంగారము తిరిగి వచ్చినదనుకొని చేయి చాచెను. చేతికి మెత్తని జుట్టు తగిలెను. అతడు ఆ బిడ్డకు తన తల్లి పేరు, హెఫ్సిబా అని పెట్టి, ఎప్పీ అని ముద్దుగా పిలిచెను. ఆ పేరు యెషయా 62వ అధ్యాయములో ఉన్నది.

సహోదరులారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదము. ఆ కథలో బంగారము పోయి దాని స్థానమున బిడ్డ వచ్చెను. మన యిండ్లలో జరుగుచున్నదేమి? ఆడపిల్ల ఎదిగిన వెంటనే, ఆమెకు ఎన్ని తులములు పెట్టవలెనని లెక్క మొదలగును. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు మన తాలూకాలనుండి పోవు త్రోవ అందరికి తెలిసినదే. వరకట్నము 1961 నుండి చట్టరీత్యా నేరము; అయినను లెక్క ఆగలేదు. దేవుడు బంగారమును తీసికొని బిడ్డనిచ్చిన కథ చూచి కన్నీరు కార్చెదము. యింటికి వచ్చి బిడ్డను మరల బంగారముగా తూచెదము.

కథలో అసలు పరీక్ష పదునారేండ్ల తరువాత వచ్చును. ఎప్పీని కన్న తండ్రి ఆ ఊరి ధనవంతుడైన గాడ్‌ఫ్రే. తల్లి చనిపోయిన రాత్రియే అతడు తన బిడ్డను చూచెను, గుర్తించెను. రహస్య వివాహము బయటపడునని నోరు మెదపలేదు. తరువాత వేరొక స్త్రీని పెండ్లాడెను. వారికి సంతానము నిలువలేదు. అప్పుడు భార్యతో కూడ నేతగాని యింటికి వచ్చి, ఈమె నా కుమార్తె, నాతో పంపుమని అడిగెను. ఆ దినముననే సైలాస్ పోగొట్టుకొన్న బంగారము కూడ దొరికెను. అది బల్లమీద ఉన్నది. సైలాస్ నొచ్చుకొని, పదునారేండ్ల క్రిందట ఈ మాట ఏల చెప్పలేదని గట్టిగానే అడిగెను. కాని చివరకు బిడ్డవైపు తిరిగి, నీ యిష్టము, నేను అడ్డురానని చెప్పెను.

ఈ మాటయే నన్ను వదలలేదు. బంగారమును పదునైదేండ్లు పిడికిట పట్టిన మనిషి, ప్రాణముకంటె ప్రియమైన బిడ్డ విషయములో పిడికిలి విప్పెను. బంగారమును దాచినట్లు బిడ్డను దాచరాదని అతనికి ఎవరు నేర్పిరి? పెంచుటయే నేర్పెను. ఎప్పీ ఆ గొప్ప యింటికి పోనని, తనను సాకిన తండ్రియొద్దనే ఉండెదనని నిశ్చయించుకొనెను. అడ్డగింపబడిన బిడ్డ నిలిచిన యెడల అది భయమే కావచ్చును. అడ్డు తొలగిన తరువాత నిలిచిన బిడ్డదే ప్రేమ.

అట్లయిన పెంచినవారిదే హక్కు అని తీర్మానింతుమా? తొందరపడరాదు. మోషే సంగతి తలచుకొనుడి. అతనిని పెంచుకొన్నది ఫరో కుమార్తె. ఆమె దయ లేనిది కాదు, నీటిలోనుండి ఆ బిడ్డను తీయించినది ఆమెయే (నిర్గమకాండము 2). అయినను మోషే పెద్దవాడైన తరువాత ఆమె కుమారుడనిపించుకొనుటకు ఒప్పుకొనలేదని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము చెప్పుచున్నది. ఎప్పీ కన్నవాని పేరు వద్దనెను. మోషే పెంచినవారి పేరు వద్దనెను. ఇద్దరిలో ఎవరు తప్పు? ఎవరును కాదు. ఇద్దరును సుఖమున్న గొప్ప యింటిని విడిచి, తమ మనస్సాక్షి చూపిన కష్టజీవుల పక్షమున నిలిచిరి. కాబట్టి రక్తముగాని ముద్దగాని దీనిని తీర్చజాలదు. పెద్దవాడగుట అనగా ఈ తీర్పును తానే చేసి, దాని వెలను తానే చెల్లించుట.

మన సంఘములలో బిడ్డలను తెచ్చి పెంచుకొన్నవారికి ఈ మాట కొంత బాధ కలిగించునని యెరుగుదును. వారి భయము ఉత్తది కాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టము క్రైస్తవులకు వర్తింపదు గనుక, చాలకాలము మనవారు 1890 నాటి చట్టముక్రింద సంరక్షకులుగా మాత్రమే నిలువగలిగిరి. 2000 సంవత్సరపు బాలల న్యాయ చట్టము, 2006లో దానికి వచ్చిన సవరణ, ఆ తరువాతి 2015 చట్టము ఏ మతమువారికైనను దత్తత మార్గము తెరచెను. ఆ ప్రకారము పత్రములు చేయించుకొనుట బిడ్డకే క్షేమము. కాని పత్రము బిడ్డకు రక్షణయే గాని, బిడ్డమీద మనకు యాజమాన్యము కాదు.

కావున పెంచినవారు నిజమును దాచక, బిడ్డకు తెలివి వచ్చునాటికే ప్రేమతో చెప్పవలెను. పెండ్లి పందిరిలో పరాయివారి నోట వినినప్పుడు అది కత్తియై తగులును. కన్నవారు ఆస్తి చూపి ఆలస్యముగా పిలువరాదు. గాడ్‌ఫ్రే ధనము అతని పదునారేండ్ల మౌనమును కొనలేకపోయెను. ఇరువురును బిడ్డను మధ్య నిలిపి లాగుటకు మారుగా, ఆమెను అడుగవలెను, అడిగిన తరువాత వినవలెను.

హన్నా తన సమూయేలును దేవుని మందిరములో విడిచి వచ్చెను. అయినను ప్రతి సంవత్సరము ఒక చిన్న అంగీ కుట్టి అతనికి తీసికొని పోవుచుండెనని మొదటి సమూయేలు 2వ అధ్యాయములో చదువుచున్నాము. బిడ్డ కన్నులయెదుట లేడు. ఎంత ఎదిగియుండునో ఊహించి కుట్టవలెను. ప్రతి యేట ఆ అంగీ కొంచెము పెద్దదిగా కుట్టియుండవలెను గదా! ఎదుగుచున్న బిడ్డను పాత కొలతలో బంధింపక, ఆ కొంచెము ఎక్కువ గుడ్డను సంతోషముతో కత్తిరించు చేతులను దేవుడు మన తల్లులకు, తండ్రులకు, సాకిన ప్రతివారికిని అనుగ్రహించును గాక.