వానప్రస్థానికి తగిన చోటు

ఉద్యోగ విరమణ తరువాత ఏ ఊళ్లో స్థిరపడాలన్న ప్రశ్నకు నేటివారు వాతావరణం, వైద్యం, ఇంటి స్థలం ధర ఆధారంగా సమాధానం వెతుక్కుంటారు. ధర్మశాస్త్రాలు ఇదే ప్రశ్నను వానప్రస్థం, అనగా గృహస్థు బాధ్యతలు తీర్చుకొని వనాన్ని ఆశ్రయించే మూడవ ఆశ్రమం, అన్న పేరుతో విచారించాయి. కృష్ణగిరి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో, తెలుగు, కన్నడం, తమిళం కలిసి వినిపించే తళి ఈ విచారణకు తగిన ఉదాహరణ. చల్లదనం వల్ల ‘లిటిల్ ఇంగ్లండ్’ అని పేరుపడిన ఈ ఊరు బెంగళూరుకు దగ్గరగా ఉండటంతో విశ్రాంత జీవితం కోరేవారిని సహజంగానే ఆకర్షిస్తుంది.

ఒంటిపై ముడతలు, నెరసిన తల, మనుమడి ముఖం చూసిన గృహస్థు అడవికి వెళ్లాలని చెప్పే మనుస్మృతి ఆరవ అధ్యాయం, అక్కడ అతడు తన తిండిలోంచే భిక్ష పెట్టాలనీ, వచ్చినవారిని నీటితో, దుంపలతో, పండ్లతో ఆదరించాలనీ, ఎప్పుడూ ఇచ్చేవాడుగానే ఉండి పుచ్చుకోరాదనీ, సర్వభూతాలపై దయ చూపాలనీ విధించింది. దీన్నిబట్టి వనవాసమంటే లోకం నుంచి తప్పుకోవడమని చెప్పడానికి వీల్లేదు.

చోటుకే మహిమ ఉన్నదనే సంప్రదాయమూ బలమైనదే. కాశీలో మరణిస్తే ముక్తి అన్న విశ్వాసంతో ఎందరో తెలుగువారు అక్కడ చివరి రోజులు గడిపారు. పుణ్యక్షేత్రం పొలిమేర దాటనని నియమం పట్టడాన్ని క్షేత్రసన్న్యాసం అంటారు. అయితే అదే సంప్రదాయం అరుణాచలాన్ని స్మరించినంతనే ముక్తి అని కూడా చెప్పి, దూరాన ఉన్నవారికీ దారి తెరిచింది.

చోటు ముఖ్యమా, మనసు ముఖ్యమా అన్న ఈ చిక్కును యోగవాసిష్ఠంలోని శిఖిధ్వజుని కథ విడదీస్తుంది. రాజ్యం వదిలి అడవిలో కుటీరం కట్టుకొన్న ఆ రాజుకు శాంతి దక్కలేదు. మారువేషంలో వచ్చిన భార్య చూడాల అతని త్యాగం పూర్తి కాలేదని చెప్పగా, అతడు దండం, కమండలం, జపమాల, చివరకు కుటీరం కూడా తగలబెట్టాడు. అయినా ‘నేను విడిచాను’ అన్న అహంకారం మిగిలే ఉన్నదని ఆమె చూపించిన తరువాతే అతనికి జ్ఞానం కలిగింది. పిమ్మట ఇద్దరూ తిరిగి రాజ్యమే ఏలుకొన్నారు.

కనుక ఊరి చల్లదనం సాధనకు తోడ్పడుతుందే తప్ప సాధనకు బదులు నిలవదు. రాగి పంట కోతకు వచ్చే వేళ ఏనుగులు దిగే ఈ ప్రాంతంలో ఎత్తైన ప్రహరీ కట్టుకొని, ఇరుగుపొరుగు రైతు పేరైనా తెలియకుండా బతికితే, అది చోటు మారిన గృహస్థాశ్రమమే అవుతుంది. తళిలో స్థిరపడదలచినవారు స్థలం కొలతలు చూసుకొనేటప్పుడే ఆ ఊరికి తాము ఏమి ఇవ్వగలరో కూడా లెక్క చూసుకోవాలి.