తీర్పునకు ముందు చూపు

ధ్యాన భాగము: నిర్గమకాండము 39:32–43



ఇతరుల పనినిగూర్చి తీర్పు చెప్పుట క్రైస్తవునికి తగునా, తగదా? ఈ ప్రశ్న మన సంఘములలో తరచుగా పుట్టుచున్నది. ఆదివారము ఆరాధన ముగిసి చెట్టునీడకు వచ్చుసరికే ప్రసంగము దీర్ఘమైనదని ఒకరు, పాట శ్రుతి తప్పినదని ఒకరు, ప్రార్థన చేసినవాని మాట తడబడినదని మరియొకరు చెప్పుకొందురు. అది తగదని ఎవరైన అడ్డగించినయెడల, “తప్పును తప్పనకూడదా?” అని అడుగుదురు. తీర్పు తీర్చవద్దని మన ప్రభువు కొండమీద బోధించెను (మత్తయి 7:1). ఆ ప్రభువే దేవాలయములో, పైకి కనబడుదానిని బట్టి కాక న్యాయముగా తీర్పు తీర్చవలెనని చెప్పెను (యోహాను 7:24). రెండును ఆయన మాటలే. రెంటిని ఒక్కసారి ఎట్లు గైకొందుము?

ఈ ప్రశ్నకు సహాయము దొరకు ఒక స్థలమును మీకు చూపగోరుచున్నాను. అది వేదాంత కళాశాల కాదు. చిత్రలేఖనము నేర్చుకొనుటకు క్రొత్తగా చేరినవారి తరగతి. అక్కడ ప్రతివాడును బొమ్మ వేయవలెను. వేసినదానిని గోడకు తగిలించి అందరి యెదుట పెట్టవలెను. ఇతరుల బొమ్మలనుగూర్చి మాటలాడవలెను. తన బొమ్మనుగూర్చి ఇతరులు చెప్పునది వినవలెను. గోడకు దూరముగా కూర్చుండి మాటలు మాత్రము చెప్పుటకు అక్కడ ఎవరికిని వీలులేదు. సంఘములో మన బ్రతుకు కూడ అట్టిదే కదా!

ఆ తరగతిలో మొదటి పాఠము చూచుట. ఉపాధ్యాయుడు ఒక ముక్కాలిపీటమీద మట్టికుండను పెట్టి దానిని వేయుమనును. క్రొత్తవారిలో చాలమంది కుండ మూతిని పూర్ణచంద్రునివలె గుండ్రముగా వేయుదురు. ఎందుచేత? కుండ మూతి గుండ్రమని వారికి తెలియును గనుక. అయితే వారు కూర్చున్న చోటినుండి ఆ మూతి గుండ్రముగా కనబడుట లేదు; అడ్డముగా పెట్టిన కోడిగ్రుడ్డువలె అణగి కనబడుచున్నది. అదే కుండను సరిగా కంటి యెత్తునకు లేపినయెడల మూతి ఒక్క గీతవలె కనబడును. నేలమీద పెట్టి పైనుండి వంగి చూచినయెడల మాత్రమే పూర్తి గుండ్రముగా నుండును. బల్లమీది ఇత్తడి గ్లాసు సంగతియు ఇట్టిదే. అది బల్లకు ఆనియున్నదని తెలియును గనుక క్రొత్తవాడు దాని అడుగును తిన్నని గీతగా వేయును. నిదానించి చూచినయెడల ఆ అడుగు అంచు పైయంచుకంటె ఎక్కువగా వంగియుండును. అందుచేత ఉపాధ్యాయుడు మాటిమాటికి చెప్పునది ఒక్కటే: నీకు తెలిసినదానిని వేయకుము, నీకు కనబడుదానిని వేయుము.

చదువరీ, ఇక్కడ ఒక్క నిమిషము నిలిచి ఆలోచించుము. నీ పొరుగువానిని నీవు చూచుచున్నావా, లేక వానినిగూర్చి నీకు తెలిసినదానినే తలంచుకొనుచున్నావా? వాడు ఫలానా త్రాగుబోతు కుమారుడని తెలియును. ఆమె ఫలానా ఇంటి కోడలని తెలియును. ఆ తెలిసినదానినే వారి ముఖముమీద గీసికొని, చూచితిమని అనుకొందుము. నజరేతువారు చేసినది ఇదే. యేసు సమాజమందిరములో బోధించినప్పుడు వారు ఆశ్చర్యపడిరి గాని, ఆయన వడ్లవాడనియు మరియ కుమారుడనియు తమకు తెలిసియుండుటచేతనే అభ్యంతరపడిరి (మార్కు 6:2, 3). తెలిసినది కన్నులకు అడ్డమైనది.

ఆ తరగతిలో మరియొక చిన్న సంగతి యున్నది. మంచి ఉపాధ్యాయుడు బొమ్మ తప్పని చెప్పుటకు ముందు విద్యార్థిని లేపి, వాని పీటమీద తాను కూర్చుండి, తల వాని యెత్తునకు వంచి, ఆ కుండను చూచును. ఒకవైపు కూర్చున్నవానికి గ్లాసుమీది నొక్కు కనబడును. ఎదుటివైపు వానికి కనబడదు. ఇద్దరి బొమ్మలు వేరుగా నున్నను ఇద్దరును నిజమే వేసియుందురు. యెహెజ్కేలు ప్రవక్త కెబారు నదియొద్దనున్న చెరవారి దగ్గరకు వెళ్లినప్పుడు, వారు కూర్చున్నచోట తానును కూర్చుండి, ఏడు దినములు వారి మధ్య నోరు తెరవకుండెను (యెహెజ్కేలు 3:15). దేవుని వాక్యము చెప్పుటకు వచ్చినవాడే అంతకాలము కూర్చుండి చూచినయెడల, మన తొందరకు కారణమేమి?

రెండవ పాఠము గోడయొద్ద నేర్చుకొనునది. బొమ్మలు తగిలించిన తరువాత వాటినిగూర్చి మాటలాడుటకు ఒక క్రమము కలదు. అమెరికా దేశపు కళాచార్యుడు ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ 1970 ప్రాంతమున ఆ క్రమమును నాలుగు మెట్లుగా వివరించెను; అనేక పాఠశాలలలో నేటికిని అది వాడుకలో నున్నది. మొదటి మెట్టు, బొమ్మలో ఏమేమి యున్నవో చెప్పుట మాత్రమే: కుండ యున్నది, నీడ యున్నది, కుడివైపు తెల్లగా విడిచిన చోటు కలదు. రెండవ మెట్టు, అవి ఒకదానితో ఒకటి ఎట్లు అమరినవో చెప్పుట. మూడవ మెట్టు, బొమ్మ ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట. నాలుగవ మెట్టు తీర్పు. అనగా, బాగున్నది, బాగులేదు అను మాట చిట్టచివరిది. మనమైతే నాలుగవ మెట్టునే మొదట ఎక్కి, తక్కిన మూటిని ఎక్కకయే ఇంటికి పోవుదుము.

ఈ క్రమము మన గ్రంథములో లేనిది కాదు. ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, జ్ఞానముతోను నేర్పుతోను తన ఆత్మతోను నింపెను. అతనికిని అహోలీయాబునకును ఇతరులకు నేర్పు మనస్సును కూడ దయచేసెను (నిర్గమ 35:30–34). పని ముగిసినప్పుడు దానినంతయు మోషే యొద్దకు తెచ్చిరి. మోషే చేసినది గమనించుము. మొదట ఆ పనియంతయు చూచెను. తరువాత అది యెహోవా ఆజ్ఞాపించినట్లు జరిగినదని కనుగొనెను. అటుపిమ్మట వారిని దీవించెను (నిర్గమ 39:43). తన యిష్టాయిష్టములను కొలతగా పెట్టుకొనలేదు. దేవుని ఆజ్ఞయే కొలత. మోషేకంటె ముందు దేవుడే అట్లు చేసెను. ఆదికాండము మొదటి అధ్యాయములో ఆయన తాను చేసినదానిని చూచి మంచిదని ఆరుసార్లును, ఏడవసారి చాల మంచిదనియు ఎంచినట్లు వ్రాయబడియున్నది. సర్వము తెలిసిన దేవుడే చూచిన తరువాత చెప్పెను. మనము చూడకముందే చెప్పుదుమా?

తీర్పు తీర్చవద్దను మాటయు, న్యాయమైన తీర్పు తీర్చుమను మాటయు ఇక్కడ ఏకమగుచున్నవి. చూడకయే మనుష్యుని త్రోసివేయు తీర్పును ప్రభువు నిషేధించెను. చూచి, కొలిచి, పనిని బాగుచేయు తీర్పును ఆయన కోరుచున్నాడు. మొదటిది మనిషిమీద పడును. రెండవది పనిమీద నిలుచును.

ఈ భేదము ఎంత ముఖ్యమో ఒక పల్లె సంగతివలన చెప్పెదను. క్రిస్మసు పండుగకు ప్రార్థనామందిరములో తెర కట్టుటకు ఒక చిన్నవాడు మంచి కాపరి బొమ్మ వేసెను. రంగులు సున్నము, నీలిమందు, ఇటుకపొడి. జనులు చూచి, “గొర్రెలా, కుక్కలా?” అని నవ్విరి. పిల్లవాడు తలవంచుకొని తెరను చుట్టబోయెను. వెనుకవరుసలో ఒక ముసలి గొర్రెలకాపరి కూర్చుండియుండెను. చదువు రానివాడు. అతడు లేచి తెర దగ్గరకు పోయి, చాలసేపు చూచి, ఇట్లనెను: “కాపరి ముఖం బాగా కుదిరింది నాయనా. చెవులే నిక్కబెట్టినావు. మన గొర్రెకు చెవులు వేలాడతయ్. రేపు పొద్దున మందకాడికి రా, చూద్దువుగాని.” మరునాడు పిల్లవాడు మందయొద్దకు పోయెను. పండుగనాటికి గొర్రెలు గొర్రెలుగానే కనబడినవి. నవ్వినవారికిని ముసలివానికిని కనబడిన తప్పు ఒక్కటే. అయితే వారి మాటవలన పిల్లవాని చేతిలోని కుంచె జారిపోయెడిది; ఇతని మాటవలన అది నిలిచినది.

మరియొక సంగతి. ఆ కాపరి తనకు తెలిసినదానినిగూర్చియే చెప్పెను. అపెల్లీసు అను గ్రీకు చిత్రకారునిగూర్చి మొదటి శతాబ్దపు రోమా గ్రంథకర్త ప్లినీ ఒక కథ వ్రాసియున్నాడు. అపెల్లీసు తన చిత్రములను దారిన పోవువారి యెదుట పెట్టి, వెనుక దాగియుండి వారి మాటలు వినుచుండెనట. చెప్పులు కుట్టువాడొకడు చెప్పు చిత్రములో లోపము చూపగా అపెల్లీసు దానిని సరిచేసెను. మరునాడు ఆ మనుష్యుడు ఉప్పొంగి కాలినిగూర్చియు విమర్శింపసాగెను. అప్పుడు చిత్రకారుడు బయటికి వచ్చి, చెప్పును దాటి పైకి పోవద్దని వానిని మందలించెను. ఇందులో ఇద్దరికిని పాఠమున్నది. గొప్ప చిత్రకారుడు సామాన్యుని మాటకు తన పనిని దిద్దుకొనెను, అది వినయము. చూచిన చోట మాటలాడినవాడు మేలు చేసెను. చూడనిచోట మాటలాడినవాడు సిగ్గుపడెను.

విమర్శకు భయపడి, ప్రతిదానిని బాగున్నదనుట ప్రేమయని కొందరు తలంతురు. అదియు సరికాదు. గోడయొద్ద నిలిచి, వంకరబొమ్మను చూచి, “చాల బాగున్నది” అని పోవువాడు ఆ బొమ్మను చూడనేలేదు. గాయపరచినను స్నేహితుని మాట నమ్మదగినదని సామెతల గ్రంథము నేర్పుచున్నది (27:6). యిర్మీయా చూచిన కుమ్మరి తన చేతిలో చెడిపోయిన పాత్రను బాగున్నదనలేదు, పారవేయనూలేదు, ఆ మంటితోనే మరల మరియొక పాత్రను చేసెను (యిర్మీయా 18:4). తప్పు చూపుటకు ముగింపు ఇదే కావలెను: మరల చేయుట.

ఒక్కని చూపువలన ఎంత ఫలము కలుగునో మన తెలుగుదేశమే సాక్షి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా నుండెను. ఆయనయు చిత్రములు వేయువాడే. 1897లో పుట్టిన దామెర్ల రామారావులోని నేర్పును ఆయన కనిపెట్టి, ప్రోత్సహించి, బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలకు పోవుటకు తోడ్పడెను. రామారావు తిరిగివచ్చి గోదావరి తీరమున తానే ఒక చిత్రకళాశాల పెట్టి ఇతరులకు నేర్పెను. 28 ఏండ్లు నిండకమునుపే, 1925లో మరణించెను. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నము ఆ పనిని కొనసాగించెను. రామారావు చిత్రములు నేటికిని ఆ పట్టణమున భద్రపరచబడియున్నవి. చూడ నేర్చిన ఒక్క కన్ను ఎందరి చేతులకు బలమిచ్చినదో చూడుడు.

మూడవ పాఠము అన్నిటికంటె కఠినమైనది: తన బొమ్మను తాను చూచుట. గంటలకొలది వేసినవానికి తన తప్పు కనబడదు; కన్ను దానికి అలవాటుపడిపోవును. అందుకు ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ ఒక ఉపాయము చెప్పెను. బొమ్మను అద్దములో చూడవలెను. అద్దములో కుడి ఎడమలు తారుమారై, అది మరియొకడు వేసినట్లు కనబడును. అప్పుడు తప్పు తెలియును. నాతాను దావీదునకు చేసినది ఇదియే. రాజు పాపమును నేరుగా చెప్పక, ఒక బీదవాని గొర్రెపిల్ల కథగా త్రిప్పి చెప్పెను. పరుని తప్పని తలంచి దావీదు మండిపడి తీర్పు చెప్పెను. ఆ మనుష్యుడు నీవేయని ప్రవక్త చూపగా తన ముఖమును తాను చూచుకొనెను (2 సమూయేలు 12). కావున చదువరీ, పరుని తప్పు చూచి నీకు కోపము వచ్చినప్పుడు, అది నీ యెదుట పెట్టిన అద్దమేమో మొదట పరీక్షించుకొనుము.

ఇక ఆచరణకు వత్తము. ఈ వారము ఎవరి పనినైన విమర్శింప బుద్ధి పుట్టినప్పుడు మూడు సంగతులు జ్ఞాపకము చేసికొనుము. మొదట, ఆ పనిలోని మంచి యేదో ఒక్కటైన పేరుపెట్టి చెప్పగలవా? చెప్పలేనియెడల నీవింకను చూడలేదు. రెండవది, తప్పును వానితోనే, మందకాడికి రమ్మన్న కాపరివలె, సహాయముతో కూడ చెప్పగలవా? మూడవది, నీ బొమ్మయు గోడమీద నున్నదా? పాడనివాడు పాటను, ప్రార్థింపనివాడు ప్రార్థనను, పిల్లలకు ఎన్నడును నేర్పనివాడు ఆదివారపు బడిని విమర్శించుట సులభము. బేతనియలో స్త్రీ అత్తరు బుడ్డి పగులగొట్టినప్పుడు చుట్టునున్నవారు నష్టమును లెక్కించిరి; ప్రభువు ఆమె ప్రేమను చూచి, చేతనైనంత చేసినదని సాక్ష్యమిచ్చెను (మార్కు 14:3–9).

మనము దేవుని చేతిపనియై యున్నామని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను (2:10). నీ యింటివాడును, నీ పొరుగువాడును, నీకు గిట్టనివాడును ఆయన చేతిక్రింద ఇంకను ముగియని పనియే. రంగు ఆరని బొమ్మమీద వ్రేలు పెట్టువాడు దానిని చెరుపును. మనలను చూచి, మన కొరతలన్నిటిని ఎరిగి, పారవేయక మరల చేయుచున్న ప్రభువు మనకును తన చూపును అనుగ్రహించును గాక. ఆమేన్.